'భరించు' – 'బేర్': ఎవరికెవరు అమ్మ?

ఇంగ్లీషు 'బేర్' (ఎలుగుబంటి కాదు లెండి, మోయడం) మన సంస్కృతం నుంచే పుట్టిందని చాన్నాళ్ళు వాదించేవాణ్ణి. కాలేజీ రోజుల్లో అలాంటి మెయిళ్ళు నలుగురికీ ఫార్వర్డ్ చేసిన పాపం కూడా నాదే. మొన్న మా అమ్మాయి "రుజువేదీ నాన్నా?" అంది. నీళ్ళు నమిలాను. సరే, తవ్వి చూద్దామని కూర్చున్నా.

'బేర్'కి పాత ఇంగ్లీషు రూపం 'బెరన్'. గోతిక్, నార్స్ భాషల్లోనూ దాని తోబుట్టువులున్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి పండితులు ఆది జర్మానిక్ క్రియ '*బెరనన్'ని తిరిగి కట్టారు. ముందున్న ఆ నక్షత్రానికి అర్థం, ఈ మాట ఎక్కడా రాసి దొరకలేదని. సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రాంని బైనరీలు చూసి మళ్ళీ రాసుకోవడం లాంటిదన్నమాట.

ఇంకా వెనక్కెళితే ఇండో-యూరోపియన్ ధాతువు '*భెర్'. 1822లో యాకోబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం జర్మానిక్‌లో 'భ' కాస్తా 'బ' అయింది. గ్రీకు, లాటిన్ 'ఫెరో'లోనూ ఎకారమే. సంస్కృతంలో మాత్రం పాత ఎ, అ రెండూ కలిసి 'అ' అయిపోయాయి, అందుకే 'భరతి'. అమ్మ దగ్గరే కలిసిపోయినవాటిని కూతుళ్ళు మళ్ళీ సరిగ్గా విడదీసుకోలేరు కదా! కాబట్టి సంస్కృతం అమ్మ కాదు, అక్క.

మరి తెలుగు? మనది ద్రావిడ కుటుంబం. 'భరించు' సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం, మన సొంత మాట 'మోయు'.

అంతా విని అమ్మాయి "మరి ఆ మెయిళ్ళు చదివినవాళ్ళకి చెప్పావా?" అంది.

ఇదిగో, చెప్తున్నా.