కథ చెప్పినవారి పేరు

పెట్టెలో బంగారమున్న యిల్లాలు తాళపుచెవిని కొంగున ముడివైచుకొనును. నోటినిండ కథలున్న ముసలమ్మకు తాళమేది? ఈ ప్రశ్న మాకు మొన్నటి దసరా సెలవులలో, మెదకులోని మా యింటి యరుగుమీదనే కలిగినది.

మా అక్కగారి కుమార్తె హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నది. బతుకమ్మ పండుగకు వచ్చి, మా అత్తగారి ముందు సెల్‌ఫోను పెట్టి, "అవ్వా, కతలు చెప్పవా?" అని కూర్చుండినది. కృత్రిమ మేధకు తెలుగు నేర్పుటకై ఊరూర పలుకులను, పాటలను, కథలను ప్రోగుచేయుచున్నారట. మా అత్తగారు అక్షరమెరుగరు. కథలకు మాత్రము కొదువలేదు. ఆరు చెప్పి, ఏడవదాని కడ ఆగి, "బిడ్డా, ఈ కత ఎవలు చెప్పిన్రో గా మిషన్‌కు ఎర్కుంటదా?" అని యడిగిరి. పిల్ల తెల్లబోయినది. నింపవలసిన పత్రములో వయస్సునకు, జిల్లాకు, యాసకు గడులున్నవి, పేరునకు లేదు. "అయితే గీ కత నా తాన్నే ఉండనీ" యని ఆమె లేచి వంటింటిలోనికి పోయిరి.

మొదట మాకిది ముసలితనపు పట్టుదలగా తోచినది. అంతలో మనస్సు చివుక్కుమన్నది. పదియేండ్ల క్రిందట మావారి పాఠశాల పత్రికలో మేమొక కథ వ్రాసితిమి. అది ఆమె చెప్పినదే. క్రింద అచ్చుపడినది మా పేరు. ఆ పేరెవరిదో ఆమె యడుగలేదు, మేమును చెప్పలేదు.

పోనీ, కథలీయక దాచుకొన్న మేలా? అదియును గాదు. ఆ రాత్రియే పిల్ల యట్టి యంత్రమునొకదానిని సిద్దిపేట గొల్లభామ చీర బొమ్మ గీయుమన్నది. 2016 వరకు మా మెదకు జిల్లాలోనిదే సిద్దిపేట. అచటి నేతగాండ్రు మగ్గముమీద పోగుపోగుగా పొదుగు ఆ చల్లకుండల భామ యెక్కడ, యంత్రము గీసిన యే దేశపుదో తెలియని సుందరి యెక్కడ! మనము నేర్పనిది అదెట్లు నేర్చును? మనమూరకున్నచో రేపు మన బిడ్డలకు పరుల కథలనే చెప్పును. అందులకే కేంద్ర ప్రభుత్వము 2022లో భారతీయ భాషలకై 'భాషిణి'ని ప్రారంభించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు విద్యార్థులచేత పాత కథల పుటలను సరిచూపించి, 2024 నాటికి 'చందమామ కథలు' అను పేర తెలుగు కథలల్లు యంత్రమేధను సిద్ధపరచిరి. యునెస్కో 2021లో కృత్రిమ మేధకు నిర్ణయించిన నీతిసూత్రములలోను భాషలను, సంస్కృతులను కాపాడుమనియే యున్నది.

కావున ఈయవలసినదే. కాని యెట్లు? దీనికి మన తెలంగాణములోనే యొక నిదర్శనమున్నది. పోచంపల్లి చీరకు రంగులద్దుటకు ముందు ఆసుపోయవలెను. ఒక్క చీరకు పుల్లల చుట్టు ఇంచుమించు 9,000 మారులు చేయి త్రిప్పవలెను. ఇది ఆడువారి పని. ఆలేరు కడ శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు తల్లి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి; 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రమునకు తల్లి పేరే పెట్టిరి: 'లక్ష్మీ ఆసుయంత్రము'. అది చేతి నొప్పిని మాత్రము తీసికొన్నది. నేతను నేతగానికే విడిచినది. ఎవరి కష్టము నుండి పుట్టినదో వారి పేరును మోయుచున్నది. మాటలు నేర్చు యంత్రమునకును మనమీ మర్యాదయే నేర్పవలదా?

మరునాడు పిల్లయే యుపాయము చెప్పినది. పత్రములో గడి లేకున్న నేమి, కథలో చోటున్నది గదా! మా అత్తగారు సరేయని, మొదట తన పేరు, పుట్టినయూరు, ఆ కథను తనకు చెప్పిన మేనత్త పేరు పలికి, పిమ్మటనే యేడవ కథ నెత్తుకొనిరి. ముందటి యారింటిని గూడ అట్లే మరల చెప్పిరి.

మీ యింటికిని ఇట్టివారు రావచ్చును. పొమ్మనకుడు. ఇది యెచటికి పోవును, ఎవరికి లాభము, మా పేరుండునా, అమ్మినచో మాకు పాలుండునా యని యడుగుడు. అడుగుట తప్పుగాదు.

మేము పాఠశాలకొక జాబు వ్రాసితిమి, ఆ పాతకథను ఈయేటి పత్రికలో మా అత్తగారి పేరుతో మరల అచ్చువేయుడని. ఆ జాబు ఆమెకు చదివి వినిపించినపుడు, "అప్పుడే ఎర్కనే బిడ్డా" అనిరి.