ఒకసారికి ఒకటే పెల్లెట్

కొత్తవలస జంక్షన్‌కి దగ్గర్లో మా దుకాణం. బోర్డు మీద కుట్టుమిషన్లు, స్టవ్‌లు, ఎయిర్‌గన్‌లు అని రాసి ఉంటుంది. మొదటి రెండింటికీ గిరాకీ పడిపోయింది. మూడోది నిలబడింది, మా ప్రాంతంలో జాతరలు నిలబడ్డాయి కాబట్టి. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ, దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమాను, సంక్రాంతి దాటాక శంబర పోలమాంబ. జాతర ఉన్నచోట బెలూన్లు కట్టిన చెక్క ఉంటుంది, దాని ముందు ఎయిర్‌గన్‌లు ఉంటాయి. సిరిమానుకి రెండు వారాల ముందు నుంచే ఆ కొట్ల వాళ్లు తుపాకులు గోనెసంచుల్లో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెడతారు.

ఈ ఎయిర్‌గన్‌లో మందుగుండు ఉండదు. గొట్టాన్ని మధ్యకి విరిచినట్టు కిందికి వంచితే లోపలి పిస్టన్ వెనక్కి జరిగి, స్ప్రింగు నొక్కుకుని, ట్రిగ్గరు కొక్కేనికి తగులుకుంటుంది. గొట్టం మొదట్లో ఒక పెల్లెట్ పెట్టి మూసేస్తాం. ట్రిగ్గరు లాగితే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, నొక్కుకుపోయిన గాలి పెల్లెట్‌ని బయటికి నెడుతుంది. మళ్లీ కొట్టాలంటే మళ్లీ వంచాలి, మళ్లీ ఒక పెల్లెట్ పెట్టాలి. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పిస్టన్ మూతికి ఉండే తోలు వాచరు ఎండిపోయినవే. కొత్త తోలు కోసి, నూనెలో నానబెట్టి ఎక్కిస్తాను. నూనె ఎక్కువైతే ఆ ఒత్తిడికి లోపల అంటుకుని పొగ వస్తుంది, పెద్ద శబ్దం వస్తుంది. కుర్రాళ్లు అది బలం అనుకుని సంబరపడతారు. నాలుగు రోజులు అలా కొడితే స్ప్రింగు విరుగుతుంది.

ఈ పని వల్లే నాకు ఇంకో పని వచ్చి పడింది. పిల్లకో, తమ్ముడికో, అల్లుడికో తుపాకీ బహుమతిగా ఇవ్వాలనుకున్నవాళ్లు కొనే ముందు నన్ను అడగడం మొదలెట్టారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే.

"బాబూ, మనవరాలికి ఎయిర్‌గన్ కొందామనుకుంటన్నాను. ఏది గట్టిగా కొడతాదో సెప్పు."

ఈ మధ్య అలా అడిగిన పెద్దాయనది లక్కవరపుకోట వైపు ఊరు. ఎనిమిదో తరగతి పిల్ల, బడివాళ్లు ఒకసారి విశాఖలో షూటింగ్ రేంజికి తీసుకెళ్తే అక్కడే మనసు పెట్టేసుకుంది. పుట్టినరోజుకి తుపాకీ కావాలంది. తాతగారు దుకాణంలో చూసి వచ్చిన తుపాకీకి దుర్భిణి ఉంది, పెట్టె మీద వేగం పెద్ద అంకెల్లో వేసి ఉంది.

"గట్టిగా కొట్టీది పిల్లకెందుకు మావయ్యా?" అన్నాను.

ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. మన దేశంలో గొట్టం 4.5 మిల్లీమీటర్లకి మించకుండా, బలం 20 జౌళ్లకి మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అందుకని అమ్మేవాళ్లు ఆ 20కి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప అన్నట్టు మాట్లాడతారు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడే జర్మనీ రైఫిళ్ల బలం దాదాపు 7.5 జౌళ్లు. అర గ్రాము పైచిలుకు సీసపు పెల్లెట్‌ని అట్టలోంచి శుభ్రంగా దాటించడానికి అది చాలు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మన దేశానికి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఆ పోటీలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచిందీ ఆ పోటీలోనే. ఆ అట్ట మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, పెన్సిలు మొనతో పెట్టినంత. కొట్టే పెల్లెట్ దానికి తొమ్మిది రెట్లు. అక్కడ బలంతో సాధించేది ఏమీ లేదు.

నారంగ్‌కి వాళ్ల నాన్నగారు 1997లో ఎయిర్ పిస్టల్ కొనిచ్చారు. బేగంపేటలో ఇంటి పెరట్లోనే ఆయన సాధన మొదలైంది. తరవాత మంచి రైఫిల్ కోసం ఆ కుటుంబం స్థలం అమ్ముకుంది. పిల్లకి తుపాకీ ఇస్తానంటే ఊళ్లో ఎవరైనా ముఖం చిట్లిస్తే నేను ఈ సంగతే చెబుతాను.

బలం సంగతి వదిలేశాక చూడవలసినవి ఉన్నాయి. తుపాకీ మడమని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరు మీదికి రావాలి. రాకపోతే ఆ చెక్క పిల్లకి పొడుగు. పొడుగు చెక్కతో పిల్లలు నడుము వెనక్కి విరుచుకుని నిలబడతారు, ఆ అలవాటు మాన్పించడం ఏళ్ల పని. గొట్టం వంచడం పిల్లకే చేతనవ్వాలి. ప్రతిసారీ తాత వంచి ఇస్తుంటే అది తాత తుపాకీ. ఏ కంటితో చూస్తుందో ముందే తెలియాలి. రెండు అరచేతులూ కలిపి చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న దీపాన్ని చూడమంటాను. ఒక్కో కన్నూ మూస్తే ఏ కంటికి దీపం నిలిచి ఉంటుందో అది ఆ మనిషి గురికన్ను. ఈ పిల్ల కుడిచేత్తో రాస్తుంది, గురికన్ను మాత్రం ఎడమది. ఎడమ భుజం మీద పట్టుకునేలా, చెక్క రెండు వైపులా సమానంగా ఉన్న తుపాకీ వెతకాల్సి వచ్చింది. అమ్మేవాడు చెబితే ఇది బయటపడదు, పిల్లని ఎదురుగా నిలబెడితేనే బయటపడుతుంది. అందుకే ఆశ్చర్యపరుద్దామని చాటుగా కొనడం ఈ ఒక్క వస్తువు విషయంలో వద్దంటాను.

పాత తుపాకీ అయితే మడత కీలు చూడండి. చెక్క ఒక చేత్తో గట్టిగా పట్టుకుని గొట్టాన్ని పక్కలకి ఊపితే కదలకూడదు. కదిలితే ఎంత గురి పెట్టినా పెల్లెట్లు చెదురుతాయి. పది మీటర్ల దూరంలో అట్ట పెట్టి, చేతిని ఆనించి అయిదు కొట్టి చూడండి. నడిమధ్య తగిలాయా అన్నది తరవాతి సంగతి, దాన్ని సైటు తిప్పి సరిచెయ్యొచ్చు. అయిదూ ఒకచోట చేరాయా అన్నదే తుపాకీ గుణం. స్ప్రింగు తుపాకీ పెల్లెట్ బయటికి రాకముందే వెనక్కీ ముందుకీ కుదుపుతుంది. బిగించి పట్టుకుంటే గురి తప్పుతుంది. ముందు చేతిని తెరిచి అరచేతి మీద ఊరికే ఆనించాలి.

ఈ కుదుపుని తప్పించిన తుపాకీగా 1970లలో జర్మనీ వాళ్ల ఫైన్‌వెర్క్‌బావ్ 300 ఎస్ అని ఒకటి పేరుమోసింది. పక్కన ఉన్న మీటతో స్ప్రింగు ఎక్కించాలి, గొట్టం కదలదు. కాల్చగానే లోపలి యంత్రం మొత్తం పట్టాల మీద వెనక్కి జారిపోతుంది, భుజానికి ఆనిన చెక్క మాత్రం కదలదు. విశాఖ నుంచి ఒకరు తెస్తే విప్పి చూశాను. రోజంతా కిరండూల్ లైన్లో ఇనపరాయి గూడ్సుల చప్పుడు వినే ఊరివాణ్ణి నేను. ఆ రెండు చిన్న పట్టాల నునుపు చూసి ఆ పూట వేరే పని ముట్టుకోలేదు.

ఒకసారికి ఒకటే దెబ్బ కొట్టే పాతకాలపు రైఫిల్ అంటే కొందరికి అసలైన తోటా తుపాకీయే మనసులో ఉంటుంది. రైల్వేలో రిటైరైన ఒక పెద్దమనిషి తన .22 మార్టినీ రైఫిల్‌ని అల్లుడికి బహుమతిగా ఇవ్వాలని వచ్చారు. ట్రిగ్గరు వెనక మీట కిందికి నొక్కితే లోపలి దిమ్మ దిగుతుంది, ఒక తోటా పెట్టి మీట పైకెత్తితే మూసుకుంటుంది. అమెరికావాడు పీబాడీ మొదలుపెట్టిన పద్ధతిని స్విట్జర్లాండు ఇంజనీరు మార్టినీ దిద్దితే, 1871లో బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకుంది. ఆ వంశంలోని చిన్న తుపాకే ఆయనది. అందమైన వస్తువు, కాదనను. కాని నేను విప్పలేదు. తోటా తుపాకీ బాగుచెయ్యడానికి ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి, నాకు అది లేదు. ఆయనకి మాత్రం తెలిసింది చెప్పాను. 1959 నాటి ఆ చట్టం ప్రకారం అల్లుడికి సొంత లైసెన్సు ఉండాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. ఇవ్వబోతున్నట్టు కలెక్టరుకో దగ్గర్లోని పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే చేతికివ్వాలి. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకులే, తాతల నుంచి వచ్చినదీ ఆ లెక్కలోదే. ఇంట్లో పెళ్లి కానుకలా చేతులు మారేది కాదని తెలిసి ఆయన నొచ్చుకున్నారు. అయినా మర్నాడే విజయనగరం వెళ్లి కాగితాలు మొదలెట్టారు. అది పద్ధతి.

ఒక్క విషయంలో నేను బేరం పెట్టుకోను. పిట్టల్ని కొట్టడానికి ఎయిర్‌గన్ కావాలంటే నా దగ్గర సలహా దొరకదు, వాచరు కూడా దొరకదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అది చాలు కారణంగా. అంతకు మించి, మా శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడితే ఊరు ఊరంతా వాటిని కాచుకుంటుంది. ఆ చెట్ల కింద నిలబడి చూసినవాడు ఎయిర్‌గన్ పైకెత్తలేడు. 2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో ఎయిర్‌గన్‌లు తిరిగి ఇచ్చెయ్యండని ప్రభుత్వమే ఉద్యమం పెట్టాల్సి వచ్చింది, అడవిలో పిట్టల కూత తగ్గిపోయిందని.

లక్కవరపుకోట పెద్దాయన చివరికి మన దేశంలోనే తయారైన మామూలు మడత తుపాకీ కొన్నారు. దుర్భిణి లేదు, తెరిచిన సైటు. కొత్తగా నేర్చుకునే పిల్లకి అదే మంచిది, పోటీల్లో ఓపెన్ సైటుకి వేరే విభాగం కూడా ఉంది. తుపాకీతో పాటు ఆయన చేత ఇంకొన్ని కొనిపించాను: చప్పిడి మూతి పెల్లెట్ల డబ్బాలు, కళ్లద్దాలు, అట్టలు. మామిడితోటలో మట్టిగోడకి ఆనించి, పాత గుడ్డలు కుక్కిన చెక్కపెట్టె ఒకటి పెట్టాం. రాయి మీదికో రేకు మీదికో కొడితే పెల్లెట్ తిరిగొచ్చి కంట్లో పడుతుంది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం దగ్గరికి రాకూడదని పిల్ల ముందే వాళ్ల అమ్మకి చెప్పాను. పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన గొట్టాన్ని రెండో చేత్తో వదలకుండా పట్టుకోవాలని పిల్లకి చూపించాను. ఆ సమయంలో ట్రిగ్గరు తగిలితే గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు నలిపేస్తుంది.

ఆ పిల్ల మొదటి రోజు గబగబా కొట్టింది. రెండో వారానికి తనంతట తనే నెమ్మదించింది. వంచడం, పెట్టడం, ముయ్యడం, ఊపిరి సగం వదిలి ఆగడం. మేగజీన్ ఉన్న తుపాకీ ఇచ్చి ఉంటే తప్పిన దెబ్బని తరవాతి దెబ్బతో దాచేసేది. ఇందులో ప్రతి దెబ్బ తరవాతా ఏం జరిగిందో ఆలోచించేంత సేపు చేతికి పని ఉంటుంది. 2024లో పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టరు. జంక్షన్ ఊరి పక్క పిల్ల కదా, ఆయన ఫోటో పేపర్లోంచి కత్తిరించి తుపాకీ పెట్టె మూత లోపల అతికించుకుంది.

ఇప్పుడు ఆదివారాలు పాసింజరెక్కి విశాఖ రేంజికి వెళ్తోంది. తాతగారు మళ్లీ వచ్చారు, చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైటున్న గాలి సిలిండరు రైఫిల్ గురించి అడగడానికి. కొత్తది విదేశీదైతే లక్షల్లో మాట, అందుకని ఎవరో వాడినది బేరానికి వచ్చిందట. చెక్క పొడుగు మార్చుకునే వీలుందో లేదో, బరువు ఆ పిల్ల భుజం మోస్తుందో లేదో ముందు చూడమన్నాను. సిలిండరు మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది, దానికి మామూలుగా పదేళ్లే ఆయుష్షు. అది చదివాకే అడ్వాన్సు ఇమ్మన్నాను.