మేడమీద గది

ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డుల దరఖాస్తులు రాసిపెట్టే పని మేము ఇష్టపడి తీసుకున్నాం. లా చదివాం కదా! 2014 నాల్సా తీర్పు, 2019 చట్టం మాకు కంఠతా వచ్చు. అఫిడవిట్ చాలు, వైద్యపరీక్ష అక్కర్లేదన్నాయి 2020 నిబంధనలు. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌కెక్కించిన నిజాం కాలపు 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసిన సంగతి విహార్‌లో చెబితే చప్పట్లు కొట్టారు.

ఒక సాయంత్రం దరఖాస్తు రాయించుకుంటూ ఒకమ్మాయి అడిగింది: "చిరునామా ఏం రాయాలి సార్? ఇల్లెవరూ ఇవ్వట్లేదు. మీ మేడమీద గది ఖాళీ అట కదా?"

"మా చుట్టాలు వస్తున్నారమ్మా" అన్నాం.

ఎవరూ రావట్లేదు. ముప్పై ఏళ్ల కిందట మా కులం తెలిశాక ఒక ఇంటాయన మాతో అన్న మాట అదే, అక్షరం తేడా లేదు. బరోడాలో పార్సీ సత్రం నుంచి బాబాసాహెబ్‌ను వెళ్లగొట్టిన వైనం ఏటా ఏప్రిల్‌లో చెప్పే నోరు మాది. అబద్ధమాడనని ఆ ఉదయమే శీలం తీసుకున్న నోరు కూడా.

రెండు రాత్రులు నిద్ర లేదు. మూడోనాడు తాళంచెవి పట్టుకుని వెళ్లాం.

"చుట్టాలు రాలేదా సార్?"

"అబద్ధం చెప్పామమ్మా."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చి, "రసీదు రాసివ్వండి" అంది.

తాను పెట్టుకున్న పేరుతోనే రాసిచ్చాం.