గరిటె పట్టిన తరగతి

జపాన్‌లోని యమగత ప్రాంతంలో సురుఒకా అనే పట్టణం ఉంది. 1889లో అక్కడి దైతోకుజి ఆలయంలో నడిచిన బడిలో పేద పిల్లలకు బౌద్ధ భిక్షువులు అన్నం ముద్దలు, కాల్చిన చేప, ఊరగాయ పెట్టారు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి కూడబెట్టిన దానితో పెట్టిన అన్నం అది. జపాన్‌లో బడి భోజనానికి అదే మొదలంటారు. ఉపాధ్యాయుల బృందంతో వెళ్లిన నేను ఆ ప్రాంతంలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నం గడిపాను.

గంట కొట్టగానే నాలుగో తరగతి పిల్లలు బల్లలు దగ్గరికి జరుపుకున్నారు. ఆ వారం వంతు వచ్చినవాళ్లు తెల్లకోటు, టోపీ, మాస్కు వేసుకుని వంటశాల నుంచి గిన్నెలు మోసుకొచ్చి వడ్డించారు. శుక్రవారం ఆ కోటును ఇంటికి తీసుకెళ్లి, ఉతికి, ఇస్త్రీ చేయించి తర్వాతి వంతువాళ్లకు అప్పగించాలట.

అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసు, కాల్చిన చేప, ఉడికించిన కూరగాయలు, 200 మిల్లీలీటర్ల పాలు. పోపు లేదు, కారం లేదు. ఎండుచేప, సముద్రపు నాచు మరిగించిన నీళ్లు, ఆ మిసోతోనే పులుసుకు రుచి. మొదటి గుక్కకి చప్పగా తోచింది; గిన్నె సగమయ్యేసరికి నాలుక దారికొచ్చింది. మిగిలిన చేపముక్క కోసం పిల్లలు రాయి, కత్తెర, కాగితం ఆట ఆడారు. గెలిచినవాడు గర్వంగా పళ్లెం చాచాడు. టీచరు కూడా వాళ్ల మధ్యే కూర్చుని అదే తిన్నారు.

1954 నాటి చట్టం ఈ భోజనాన్ని బడి పనిలో భాగం చేసింది. 2005 నుంచి పోషకాహారం బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులూ వచ్చారు. వంటశాల, సిబ్బంది ఖర్చు స్థానిక సంస్థలది. సరుకుల ఖర్చు చట్టం ప్రకారం తల్లిదండ్రులది. చాలాచోట్ల దాన్నీ మాఫీ చేస్తున్నారు.

ఆ లెక్కన మనం తక్కువేం కాదు. మన సర్కారు బడిలో భోజనం పూర్తిగా ఉచితం, గుడ్డు కూడా ఉంటుంది. అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తింటారు. ఒకప్పుడు సహపంక్తి భోజనం కోసం సంస్కర్తలు ఊరూరా పోరాడాల్సి వచ్చిందని గుర్తుంటే, ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ వరసలో టీచర్లమైన మేం ఉండం. పిల్లలకు పెట్టేముందు రుచి చూడాలన్న నిబంధన ఉంది కాబట్టి ఓ ముద్ద నోట్లో వేసుకుని, స్టాఫ్‌రూంలో క్యారేజీలు విప్పుకుంటాం. తెల్లకోట్లకీ వంటశాలలకీ నిధులు కావాలి. పళ్లెం పట్టుకుని పిల్లల పక్కన కూర్చోవడానికి ఏ జీవో అక్కర్లేదు. టీచరు రోజూ తినే చోట ఉడకని అన్నం, నీళ్లపప్పు ఎక్కువ రోజులు సాగవు.