మిశ్రసమాస భోజనం

సంస్కృతపదమూ తెలుగుపదమూ కలిసి ఏర్పడే సమాసాన్ని మన వ్యాకరణంలో మిశ్రసమాసమంటారు. రెండూ నియమానుసారం పొసగితే అది సాధువు. పొసగకపోతే వైరిసమాసమని త్రోసిపుచ్చుతారు. ముప్పై యేండ్లు ఈ భేదాన్ని బోధించిన నాకు దాని రుచి నాలుక మీద తెలిసింది మాత్రం 2019లో, సిడ్నీ నగరంలో.

నా పదవీవిరమణ సందర్భంగా మా అమ్మాయీ అల్లుడూ నన్ను అక్కడి కెంట్ వీథిలోని 'టెట్సుయాస్' అనే భోజనశాలకు తీసుకువెళ్ళారు. జపానులో పుట్టిన టెట్సుయా వకుడా 1982లో, ఇరవై రెండేండ్ల వయస్సులో, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన స్థితిలో సిడ్నీ చేరాడు. అక్కడి వంటశాలల్లో ఫ్రెంచి పద్ధతులు నేర్చుకొని, 1989లో ఈ భోజనశాలను నెలకొల్పాడు.

ఆయనకు పేరు తెచ్చిన వంటకం టాస్మేనియా ట్రౌట్ చేప. బాతుమాంసాన్ని కొవ్వులో నెమ్మదిగా మగ్గించి, ఆ కొవ్వులోనే నిలవచేసే ఫ్రెంచి పద్ధతిని కాన్ఫీ అంటారు. మన జాడీలో ఊరగాయ మీద నూనె తేలవలసిన కారణమే దానికీను: గాలి సోకరాదు. వకుడా ఆ పద్ధతిని చేపకు అన్వయించి, నూనెను మరగనీయక సన్నని వేడిలో ఉంచాడు. పైన జపానువారి రుచులకు ఆధారమైన కొంబు అనే సముద్రపు నాచును పరచాడు. చేప పచ్చిదేమో అనిపించేటంత ఎర్రగా ఉంది. నోట వేసుకుంటే వెన్న. పులస పులుసు తిని పెరిగిన గోదావరివాణ్ణి. చింతపండు తగలని చేపను తినడం అదే మొదలు. పద్ధతి ఫ్రెంచివారిది, రుచి జపానువారిది. ఒకటి రెండవదానిని మ్రింగివేయలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదేండ్ల మనుమరాలు మేలుకొనే ఉంది. "తాతయ్యా, నువ్వు ఫిష్ ఈట్ చేశావా?" అన్నది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. "దీని తెలుగు నిలుస్తుందంటారా, నాన్నగారూ?" అని అడిగింది.

"పదాలు రెండు పోయాయి గాని, క్రియ చివర 'చేశావా' ఉన్నది చూశావా? ప్రశ్నార్థకమైన ఆకారం దాని చోట అది ఉన్నది. వాక్యాన్ని నిలబెట్టినది తెలుగే" అన్నాను. ఊరడింపుకు అన్నమాట కాదది. పండితునిగా చెప్పిన తీర్పు.

టెట్సుయాస్ 2024 జూలైలో మూతపడింది. మనుమరాలు ఎదిగింది. ఇప్పుడు ఫోనులో సగం మాటలకు ఇంగ్లీషులోనే బదులిస్తుంది. విభక్తులు ఒక్కొక్కటే సడలుతున్నాయి. వైరిసమాసం దిశగా జారుతున్నదా అని ఒక్కొక్కప్పుడు దిగులు కలుగుతుంది. అయినా ఆదివారంనాడు "తాతయ్యా, లంచ్ అయిందా?" అని అడుగుతుంది. చివరనున్న ఆ ఒక్క ఆకారం కోసం వారమంతా ఎదురుచూస్తుంటాను.

మీ యిండ్లలో ఏ అక్షరం నిలిచి ఉన్నదో, మిత్రులు తెలియజేయగలరు.