అవి తప్ప అన్నీ!

“అవి తప్ప మిగతావన్నీ తీసెయ్.” ఇల్లు సర్దేటప్పుడు వినే ఈ మాటని లినక్స్ కంప్యూటర్‌కీ చెప్పొచ్చు. బ్యాష్ షెల్‌లో ‘ఎక్స్‌ట్‌గ్లాబ్’ అనే సెట్టింగ్ ఆన్ చేసి, !(*.జేపీజీ) అని రాస్తే ‘జేపీజీ ఫొటోలు తప్ప మిగతావన్నీ’ అని అర్థం. దాని ముందు ‘ఆర్‌ఎమ్’ పెట్టి ఎంటర్ కొడితే ఆ మిగతా ఫైళ్లన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లో వెతుక్కుందామన్నా దొరకవు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ చుక్కగుర్తునీ, ఆశ్చర్యార్థకాన్నీ ఆర్‌ఎమ్ అసలు చూడదు. షెల్లే ముందు వాటిని ఫైళ్ల పేర్లుగా మార్చి, ఆ జాబితాని దాని చేతికిస్తుంది. 1971 నాటి యూనిక్స్‌లో ఈ పనికి ‘గ్లాబ్’ అని విడిగా ఒక ప్రోగ్రామే ఉండేది. మన మనసులో ఏముందో ఆర్‌ఎమ్‌కి తెలీదు. ఇచ్చిన పేర్లన్నీ చెరిపేస్తుందంతే.

అందుకే నేను ముందు ఆర్‌ఎమ్ బదులు ‘ఎకో’ అని కొడతాను. అది దేన్నీ ముట్టుకోదు, ఏయే పేర్లు వస్తాయో చూపిస్తుంది.

మొన్న సంక్రాంతికి ఈ అలవాటే పనికొచ్చింది. అమ్మ పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాం. అంతకుముందే అందులోని వాట్సాప్ ఫైళ్లన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లో వేశాను. “ఫొటోలు తప్ప అన్నీ తీసెయ్‌రా” అంది అమ్మ. ఎకో కొట్టాను. భక్తి వీడియోలు, పెళ్లి కార్డుల పీడీఎఫ్‌లు... వాటి మధ్యలో ‘ఓపస్’ అని ముగిసే ఫైళ్లు కొన్ని. అంటే వాయిస్ మెసేజ్‌లు. ఒకటి ప్లే చేశాను.

“ఏమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?”

తాతయ్య గొంతు. ఆయన పోయి రెండేళ్లయింది. అమ్మ స్టవ్ ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటిదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత !(*.జేపీజీ|*.ఓపస్) అని మార్చాను. పెరిగింది ఒక నిలువు గీత, ఒక పేరు.

ఏవి తీసేయాలో చెప్పేటప్పుడు ఒకటి మర్చిపోతే అది మిగిలిపోతుంది, రేపు తీసుకోవచ్చు. ఏవి ఉంచాలో చెప్పేటప్పుడు మర్చిపోతే మాత్రం అది పోతుంది. ఉంచమని చెప్పిన అమ్మకి కూడా అన్నీ గుర్తుండవు కదా! ‘తప్ప’ అని రాసినప్పుడల్లా ఎకో కొట్టి, ఆ జాబితాని పైనుంచి కిందిదాకా చదవండి. ఆర్‌ఎమ్ ఆ తర్వాతే.