ఆత్మకూరులో ఒక చంద్రమతి

నంద్యాల బస్టాండులో "ఆత్మకూరు పోతాదా?" అని కండక్టర్ని ఒకటికి రెండుసార్లు అడిగిగాని బస్సెక్కకండి. తెలుగునాట ఆత్మకూర్లు ఒకటా రెండా! నెల్లూరు వైపు ఒకటి, అనంతపురం వైపు ఒకటి, వనపర్తి దగ్గర ఒకటి. చాలదన్నట్టు నంద్యాల పక్కనే బండి ఆత్మకూరు ఇంకొకటి. నేను మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు ఆ బండి ఆత్మకూరులో దిగిపోయి... సరే, ఆ కథ ఇప్పుడెందుకు లెండి!

నేను చెప్పే ఆత్మకూరు నల్లమల గుమ్మంలో వుంది. మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల జిల్లా. వెలుగోడు మీదుగా బస్సు పోతుంటే కుడి పక్కన కొండలు మనతో పాటే పరిగెత్తుకొస్తాయి. శివరాత్రి ముందు రోజుల్లో వెళ్ళారా, ఇక చూడాలి సంబరం! శ్రీశైలానికి కాలినడకన పోయే జనం ఈ వూరి మీదుగానే అడవిలోకి దిగుతారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం... ఆ దారి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు.

మా మామ వుండేది ఈ వూళ్ళోనే. అమ్మకు అన్న. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మొన్న శివరాత్రికి నేను వెళ్ళేసరికి బెంగుళూరు నుంచి మా బావ, అంటే మామ కొడుకు, సంసారంతో దిగివున్నాడు. బావ కొడుకు ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ కాలేజీ కుర్రాళ్ళే. కొండకు నడుస్తారట!

ఉగ్గాని, బజ్జీలు తిని వసారాలోకి వస్తే, ఆ ముగ్గురూ చాప మీద కాగితాలు పరుచుకుని ఏదో ఆడుతున్నారు. పాచికలు మనం ఎరిగినవి కావు. ఒకదానికి ఇరవై ముఖాలున్నాయి!

"ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్, మామా. 1974లో అమెరికాలో మొదలైంది. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్రయితే ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెప్పాలి. గెలుపు ఓటములు పాచిక తేలుస్తుంది" అన్నాడు మావాడు.

"బాగుందే! ఇంతకీ నీ పాత్ర ఏది?"

"రాణి. పేరు రుద్రమ."

అప్పుడే అటుగా వస్తున్న బావ చెవిన పడింది ఆ మాట. మొహం మాడిపోయింది. "మగపిల్లోడివి, నీకు ఆడపాత్ర ఏందిరా? ఇంకేం దొరకలేదా?" అని గద్దించాడు.

"పుష్ప-2లో అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడితే మనమంతా కలిసి విజిల్స్ వేశాం గదా నాన్నా?" అన్నాడు కుర్రాడు.

"అది సినిమా! పైగా గంగమ్మ జాతర మొక్కు. ఇదేం మొక్కు?" అంటూ బావ ఆ కాగితం లాగి పక్కన పడేశాడు. కుర్రాళ్ళు బిక్కచచ్చిపోయారు. నిజం చెప్పొద్దూ, ఇంత చిన్నమాటకు అంత కోపమెందుకో నాకూ అర్థం కాలేదు.

అరుగు మీద కూచున్న మామ మెల్లిగా లేచి వచ్చి ఆ కాగితం తీసుకున్నాడు. చత్వారపు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "రుద్రమ మగవేషం కట్టి రాజ్యమేలింది గదరా. నువ్వు ఆమె వేషం కడితే తప్పేముంది?" అని మనవడి చేతిలో పెట్టాడు. తర్వాత, ఎవరినీ చూడకుండా, "నేను పదేండ్లు చంద్రమతిని కడితి" అన్నాడు.

ఇంతమంది చుట్టాలం, మాలో ఒక్కరికీ తెలియని సంగతి! బావ మాత్రం గోడవైపు చూస్తూ వుండిపోయాడు.

సినిమా పిచ్చోళ్ళం గదా మనం, ఒక్క నిమిషం ఆగి వెనక్కి చూద్దాం. భారతదేశపు మొదటి పూర్తి నిడివి చిత్రం 'రాజా హరిశ్చంద్ర' (1913)లో హీరోయిన్ ఎవరనుకున్నారు? సాళుంకే అనే మగవాడు! ఆడవాళ్ళెవరూ ముందుకు రాకపోతే, హోటల్లో వంట చేసుకునే కుర్రాణ్ణి తెచ్చి ఫాల్కే తారామతిని చేశాడు. 1917లో 'లంకాదహన్'లో రాముడూ అతనే, సీతా అతనే!

మన నాటకాల్లో అయితే స్థానం నరసింహారావు గారి సత్యభామ ముందు అసలు ఆడవాళ్ళే చిన్నబోయేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో ఆడవేషంతోనే వేదాంతం సత్యనారాయణ శర్మ గారు 1970లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కినేని నాటకాల్లో స్త్రీ వేషాలతోనే పైకొచ్చారు. రామారావు గారి సంగతి మీకు తెలిసే వుంటుంది. కాలేజీ నాటకంలో నాగమ్మ వేషమిస్తే మీసం తియ్యనన్నారు, 'మీసాల నాగమ్మ' అయ్యారు! ఆయనే 1963లో 'నర్తనశాల'లో బృహన్నలగా ఎంత హుందాగా నిలబడ్డారు!

ఆ 'నర్తనశాల' చూసిన మత్తులోనే మామ నాటకాల్లో దూరాడట. "ఆడమనిషిని పిలిపించాలంటే మా డబ్బంతా ఆమెకే సరిపోతాది. నా గొంతు సన్నం. చంద్రమతి నువ్వేరా అన్నారు. మొహానికి అర్దళం, తలకు సవరం, పెట్రోమాక్సు లైట్లు. నడిస్తే జనం నవ్విరి. రెండో దినం ఊరికే మా అమ్మను సూస్తా కూచుంటి" అన్నాడు.

"ఏం చూశావు మామా?"

"బిందె చంకనబెట్టుకుంటే ఏ కాలు ముందు పడతాది, కింద కూచున్న మనిషి లేచేటప్పుడు చెయ్యి మొదట యాడికి పోతాది... కుచ్చిళ్ళకు పోతాది, అల్లుడూ. ఇంకోటి సూస్తి. అందరూ తిన్నాక తింటాది గదా, అట్ల తినేటప్పుడు కూడా ఒక చెవి వాకిలి పక్కనే ఉంటాది, ఎవురు పిలుస్తారో అని. పద్దెనిమిదేండ్లు ఆమె చేతి కూడు తింటి, అంతవరకు ఆ పొద్దు సూడనే లేదు."

కుర్రాళ్ళు పాచికలు మరిచిపోయి వింటున్నారు. కాటిసీనులో లోహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని పద్యమెత్తుకుంటే, ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవారట. మామ అమ్మ కూడా. అంటే మా అమ్మమ్మ!

"మరి ఎందుకు మానేశావు తాతా?" మనవడు అడగనే అడిగాడు.

మామ జవాబు చెప్పలేదు. చెప్పింది బావ. "నా మూలంగా" అన్నాడు గోడవైపు చూస్తూనే. "బళ్ళో నన్ను 'చంద్రమతి కొడకా' అని పిలిచేవాళ్ళు. ఒకరోజు తలకాయ పగిలేలా కొట్టుకుని ఇంటికొచ్చినా. ఆరోజే పెట్టె అటక మీదికి పోయింది."

చూశారా! స్టేజీ మీద ఆ కన్నీళ్ళకు చప్పట్లు కొట్టిన వూరే, బజారులో ఆ మనిషిని చూసి ఇకిలించింది. ఆడవేషం కట్టినవాణ్ణి ఎగతాళి చేస్తున్నామంటే, అసలు చులకన చేస్తున్నది ఎవరిని? ఆ వేషగాణ్ణా, ఆడవాళ్ళనా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మగవాళ్ళకు ఆ వేషాలు దక్కింది ఆడవాళ్ళను స్టేజీ ఎక్కనివ్వకపోవడం వల్లనే. అందుకే మన సీమ గడ్డ మీద పుట్టిన బళ్ళారి రాఘవ (1880-1946) ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి వాళ్ళయితే తమ ఇంటి ఆడవాళ్ళనే స్టేజీ ఎక్కించారు. వాళ్ళు మగవేషాలూ కట్టారు! ఆ సురభి నుంచి వచ్చిన కమలాబాయే 1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ప్రహ్లాదుణ్ణి కాచిన నరసింహుడు ఎక్కడివాడు? ఆళ్ళగడ్డ పక్కన అహోబిలం వాడు. ఇదే నల్లమల!

రాఘవ అన్నది న్యాయం. మామ నేర్చుకున్నదీ నిజం. ఆడవాళ్ళ చోటు ఆడవాళ్ళకు దక్కాలి. దక్కాక కూడా, ఒక్క రాత్రి ఇంకొకరి నడక నడిచి చూడటంలో తప్పేముంది? కాగితమూ పాచికా ముందు పెట్టుకుని మావాడు చేస్తున్నదీ అదే కదా!

ఆ రాత్రి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. తెల్లవారుజామున నడక జనం కేకలకు మెలకువ వచ్చింది. వీధినిండా మల్లన్న పేరే. సగం దేహం అమ్మవారికిచ్చిన దేవుడి కోసం ఇంత జనం అడవిలో నడిచిపోతున్నారు!

పెరట్లోకి వెళ్ళేసరికి బావ నిచ్చెన మోసుకొస్తున్నాడు. నన్ను చూసి కాస్త తడబడి, "ఆ పెట్టె చెదలు పట్టిందేమో చూద్దామని..." అన్నాడు.

చెదలు పట్టలేదు. సవరం మాత్రం ఎలుకలు కొట్టేశాయి. వడ్డాణం నల్లబడింది. మామ దాన్ని పంచెతో తుడుస్తూ మనవణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఏం రా, మీ రుద్రమ గుర్రం దిగినాక ఎట్ల నడుస్తాది? రాణి లెక్క నడుస్తాదా, రాజు లెక్కనా? యాడ, సూపీ!"

కుర్రాడు సిగ్గుపడుతూ నాలుగడుగులు వేశాడు. మామ తల అడ్డంగా వూపాడు. "తప్పు. మళ్ళా నడువు" అన్నాడు.

కుర్రాళ్ళు కొండకు బయలుదేరేసరికి ఎండెక్కింది. బావ నాగలూటి దాకా వాళ్ళతో నడిచాడు.